హోమ్ డిపోలో కొన్న డ్రిల్ నాసిరకమా?

ప్రశ్న: ఈ మధ్యే డాలస్ శివారులో ఇల్లు కొన్నాం. పూజా మందిరం గోడకు బిగించుకోవడానికి, టీవీ తగిలించడానికి, అరలు అమర్చుకోవడానికి పనికివస్తుందని, ఇంటి నిర్మాణ సామగ్రి, పనిముట్లు అమ్మే గొలుసు దుకాణం హోమ్ డిపోలో డివాల్ట్ కంపెనీ డ్రిల్ సెట్టు ఒకటి తీసుకున్నాను. పెట్టె మీద డీసీడీ771సీ2 అని ఉంది. పక్కింటి పెద్దాయన ప్లంబరుగా పనిచేసి రిటైరయ్యారు. పెద్ద దుకాణాల కోసం కంపెనీలు అదే పేరుతో లోపల ప్లాస్టిక్ గేర్లు వేసి వేరే సరుకు తయారుచేస్తాయని, కాంట్రాక్టర్లు వెళ్లే సప్లై హౌస్‌లో దొరికేదే అసలైనదని, దీన్ని వాపసు ఇచ్చేయమని ఆయన గట్టిగా చెబుతున్నారు. ఇందులో నిజమెంత? ఇంకొక మాట: సంక్రాంతికి తెనాలి వెళుతున్నాం, మా మామగారికి కూడా ఇలాంటిదే ఒకటి తీసుకెళ్లాలని ఉంది. తీసుకెళ్లమంటారా?

సమాధానం: మీ పొరుగువారి మాటలో కొంత నిజముంది గాని, ఆ నిజం మీ చేతిలో ఉన్న డ్రిల్‌కు వర్తించదు. మీ పెట్టె మీది మోడల్ నంబరూ, సప్లై హౌస్‌లోని పెట్టె మీది మోడల్ నంబరూ చివరి అక్షరం దాకా ఒకటే అయితే, ఒకే కాలంలో తయారైన ఆ రెండు పెట్టెల్లో ఉన్నది ఒకే వస్తువు. నంబరులో ఒక్క అంకె తేడా వచ్చినా అవి వేర్వేరు వస్తువులు కావచ్చు, ఆ తేడా పెద్దదీ కావచ్చు. ఈ రెండు వాక్యాల మధ్యనే అసలు విషయమంతా ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కరెంటు పనిముట్ల కంపెనీకి మోడల్ నంబరు ఉత్త పేరు కాదు. దాని వెనుక ఒక విడిభాగాల పట్టిక ఉంటుంది. సర్వీస్ సెంటరు వారు ఆ నంబరు చూసుకునే గేరుబాక్సు, స్విచ్చి, చక్ (బిట్టును పట్టి ఉంచే భాగం) వంటివి తెప్పించుకుంటారు. యూఎల్ వంటి సంస్థల భద్రతా ధ్రువీకరణ కూడా ఆ నంబరుతో నమోదైన నిర్మాణానికే లభిస్తుంది. ఒకే నంబరు కింద రహస్యంగా రెండు రకాల గేర్లు నడిపితే, మరమ్మతుకు వచ్చిన ప్రతి డ్రిల్‌నూ విప్పి చూస్తే తప్ప ఏ భాగం సరిపోతుందో తెలియని గందరగోళాన్ని కంపెనీ తన నెత్తికే తెచ్చుకున్నట్లవుతుంది. పైగా డివాల్ట్ ఈ డ్రిల్‌కు ఇచ్చే మూడేళ్ల పరిమిత వారంటీ, అందులో మొదటి ఏడాది ఉచిత సర్వీసు, మీరు ఏ అధీకృత దుకాణంలో కొన్నా ఒకటే. నాసి గేర్లు వేసి మిగుల్చుకున్న డబ్బును వారంటీ మరమ్మతుల రూపంలో తానే తిరిగి చెల్లించుకోవాల్సిన బేరానికి ఏ కంపెనీ ఎందుకు దిగుతుంది?

సంఖ్యల వైపు నుంచి చూసినా ఆ మాట నిలవదు. హోమ్ డిపోకు ఉత్తర అమెరికాలో 2,300కు పైగా దుకాణాలున్నాయి. దాని పోటీ గొలుసు దుకాణం లోస్‌కు సుమారు 1,700 ఉన్నాయి. పసుపు రంగు డివాల్ట్, ఎరుపు రంగు మిల్వాకీ కంపెనీల పనిముట్లలో పెద్ద భాగం అమ్ముడుపోయేది ఇలాంటి దుకాణాల ద్వారానే. కొత్త అచ్చులు పోసి, కొత్త విడిభాగాలు నిల్వ చేసి వేరే సరుకు తయారు చేయాల్సి వస్తే, దాన్ని ఎక్కువగా అమ్ముడుపోయే చోటి కోసం తయారు చేసి, అసలు సరుకును ఊరి చివరి సప్లై హౌస్‌కు మాత్రం దాచిపెడతారనడం తలకిందుల లెక్క. అసలు ఈ గొలుసు దుకాణాలకు తెల్లవారుజామున వచ్చే ఖాతాదారుల్లో కాంట్రాక్టర్లే ఎక్కువగా కనిపిస్తారు. మీ డ్రిల్ కొన్నచోటే వారూ కొంటున్నారు.

అయినా ఈ ప్రచారం ఎందుకు చావదు? దానికి ఒక కారణం పనిముట్టు మీద అంటించిన లేబుల్‌లోనే ఉంది. మీ డ్రిల్ పక్కన చిన్న అక్షరాల్లో మోడల్ నంబరు తరువాత ‘టైప్ 1’ అనో ‘టైప్ 2’ అనో కనిపిస్తుంది. ఒక మోడల్ ఏళ్ల తరబడి మార్కెట్‌లో ఉంటే, మధ్యలో లోపలి భాగాలను కంపెనీ మారుస్తూ ఉంటుంది. ఒక్కోసారి మెరుగుపరచడానికి, ఒక్కోసారి ఖర్చు తగ్గించుకోవడానికి. అలా మార్చినప్పుడు టైప్ సంఖ్య మారుతుంది. కొన్నేళ్ల తేడాతో ఒకటి సప్లై హౌస్‌లోను, మరొకటి గొలుసు దుకాణంలోను కొన్నవాడు రెండింటినీ విప్పి చూస్తే లోపల తేడా కనిపించడం సహజం. అతడు ఆ తేడాను దుకాణానికి అంటగడతాడు గాని, దానికి కారణం తయారైన కాలం. ఒకే కాలంలో తయారైన సరుకు రెండు చోట్లా సాధారణంగా ఒకే టైప్‌తో ఉంటుంది.

రెండో కారణం మీ పొరుగువారి వృత్తి అని నా అనుమానం. కొళాయిల సంగతి వేరు. డెల్టా, మోయెన్ వంటి ప్రసిద్ధ కంపెనీలు గొలుసు దుకాణాల కోసం ప్రత్యేకమైన మోడల్ నంబర్లతో కొళాయిలు తయారుచేస్తాయి; చూపుకు ఒకేలా ఉన్నా, సప్లై హౌస్‌లో దొరికే దానికి ఇత్తడి ఉన్నచోట ఇందులో జింకు మిశ్రమమో ప్లాస్టిక్కో ఉండవచ్చు. జీవితమంతా సింకుల కింద పడుకుని పనిచేసిన మనిషి ఈ తేడాను తన చేతులతో చూసే ఉంటాడు. ఆయన అనుభవం నిజమైనది. దాన్ని కొళాయిల నుంచి డ్రిల్లులకు సాగదీయడమే సరికాదు. రేపు మీరు వంటింటి కొళాయి మార్చదలిస్తే మాత్రం ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లండి. కొళాయిని చేత్తో పట్టి బరువు చూడండి, లోపల నీటిని ఆపి వదిలే కార్ట్రిడ్జ్ ఏ నంబరుదో, పదేళ్ల తరువాత కూడా అది విడిగా దొరుకుతుందో లేదో అడిగి తెలుసుకోండి.

మూడోది, గొలుసు దుకాణాలు ధర తగ్గించమని తయారీదారుల మెడ మీద కూర్చుంటాయన్న పేరు. ఇది అభూత కల్పనేమీ కాదు. గడ్డి కోసే స్నాపర్ యంత్రాల కంపెనీకి అధిపతిగా ఉన్న జిమ్ వియర్, ఆ ధరల ఒత్తిడిలో తమ సరుకు నాణ్యత నిలవదని, అందుకే సరఫరా నిలిపివేస్తున్నామని 2002లో వాల్‌మార్ట్‌కు స్వయంగా వెళ్లి చెప్పివచ్చారు. రంపాల కంపెనీ స్టిల్ అయితే తమ చైన్ సా లోస్‌లోను హోమ్ డిపోలోను ఎందుకు దొరకదో తెలుసుకొమ్మంటూ ప్రకటనలే వేసింది. అయితే అది చూపిన కారణం తమ స్వతంత్ర డీలర్లు, వారిచ్చే సేవ. ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ మరొక దారి పట్టింది. తక్కువ ధర గల 100 సిరీస్ ట్రాక్టర్ మోవర్లను (కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రాలను) గొలుసు దుకాణాల్లోనూ పెట్టి, ఎక్స్300 వంటి బరువైన రకాలను డీలర్ల దగ్గరే ఉంచింది. 100 సిరీస్ యంత్రం డీలరు దగ్గర కూడా అమ్ముతారు, రెండు చోట్లా అది ఒకటే యంత్రం. ధరల ఒత్తిడికి లోనైన తయారీదారు ముందు ఉన్న దారులు ఇవి: ఆ దుకాణాన్ని వదులుకోవడం, లేదా తక్కువ ధరకు సరిపోయే మోడల్‌ను బహిరంగంగా వేరే నంబరుతో తయారు చేయడం. ఒకే నంబరుతో దొంగచాటుగా నాసిరకం అమ్మవలసిన అవసరమే రాదు.

ఆ రెండో దారి గురించే మీరు జాగ్రత్తపడాలి. దుకాణం సరుకును పాడుచేయదు గాని, మీ కంటికి ఏది ముందు ఆనాలో అదే నిర్ణయిస్తుంది. నడవా మొదట్లో, వంద డాలర్ల చుట్టుపక్కల ధరతో గుట్టగా పేర్చిన సెట్టు ఆ కంపెనీ శ్రేణిలో అట్టడుగు మెట్టుది అయి ఉంటుంది. మీరు కొన్న డీసీడీ771 సరిగ్గా అలాంటిది. అందులోని మోటారు కార్బన్ బ్రష్షులతో నడిచే పాత పద్ధతిది. దాని శక్తిని డివాల్ట్ 300 యూనిట్ వాట్స్ ఔట్ (పనిముట్టు బయటికి ఇచ్చే గరిష్ట శక్తికి ఆ కంపెనీ వాడే కొలత) అని చెబుతుంది. అదే కంపెనీ, అదే బ్యాటరీతో నడిచే, బ్రష్షులు లేని బ్రష్‌లెస్ రకం డీసీడీ791కు 460 అని, పెద్ద డీసీడీ996కు 820 అని చెబుతుంది. మూడూ పసుపు రంగువే, మూడింటి మీదా ఒకటే పేరు, మూడూ హోమ్ డిపోలో అమ్మినవే. సప్లై హౌస్‌లో 996 కొన్న కాంట్రాక్టరు, మీ 771ను ఒకసారి చేతిలోకి తీసుకుని నొక్కి చూస్తే ‘ఇది దుకాణం సరుకు’ అనే అంటాడు. మిల్వాకీలో కూడా ఇదే వరుస: ఎం18 శ్రేణిలోని బ్రష్షుల డ్రిల్ 2606కు 500 అంగుళ-పౌండ్ల టార్క్ (తిప్పే బలం) ఉంటే, అదే శ్రేణిలోని బ్రష్‌లెస్ ‘ఫ్యూయెల్’ రకం 2903కు 1,400 ఉంది. ఒక కంపెనీ వాట్లలో, మరొక కంపెనీ అంగుళ-పౌండ్లలో చెప్పడం వల్ల రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం కొనేవారికి సాధ్యపడదు. ఆ ఇబ్బంది తొలగించాలన్న ఆత్రుత ఆ కంపెనీలకు ఉన్నట్లు నాకు తోచదు.

బ్యాటరీ సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే పనిముట్టు బలహీనంగా అనిపించడానికి చాలాసార్లు మూలం అదే. మీ నంబరు చివరనున్న ‘సీ2’ అంటే రెండు చిన్న బ్యాటరీలని అర్థం. ఈ సెట్టులో వచ్చేవి 1.3 ఆంపియర్-అవర్లవి (బ్యాటరీ ఎంత కరెంటు నిల్వ చేస్తుందో చెప్పే కొలత ఇది). డివాల్ట్ నంబర్లలో చివర ‘బీ’ ఉంటే బ్యాటరీ లేని ఒట్టి పనిముట్టు, ‘డీ2’ ఉంటే 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు, ‘పీ2’ ఉంటే 5 ఆంపియర్-అవర్లవి రెండు. మిల్వాకీలో ‘-20’ అంటే ఒట్టి పనిముట్టు, ‘-22’ అంటే రెండు బ్యాటరీలతో. చిన్న బ్యాటరీలో అయిదు సెల్‌లు ఒకే వరుసలో ఉంటాయి. 5 ఆంపియర్-అవర్లదానిలో పది సెల్‌లు రెండు వరుసలుగా ఉంటాయి కాబట్టి, మోటారు గట్టిగా లాగినప్పుడు ఒక్కో సెల్ మీద పడే భారం సగమవుతుంది, వోల్టేజి అంతగా కుంగదు. మీ డ్రిల్‌కే పెద్ద బ్యాటరీ తగిలించి చూస్తే అది కొంత బలం పుంజుకున్నట్లు మీకే తెలుస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 20 వోల్టులకు మాత్రం ఎక్కువ విలువ ఇవ్వకండి. పూర్తిగా చార్జి అయిన సెల్‌కు సుమారు 4 వోల్టుల చొప్పున అయిదు సెల్‌లకు వేసిన లెక్క అది. పనిచేసేటప్పుడు సగటున ఉండేది 18, యూరప్‌లో ఇదే బ్యాటరీని 18 వోల్టులనే అమ్ముతారు.

ఒక్కో దుకాణానికి ప్రత్యేకించిన మోడళ్లు కూడా లేకపోలేదు. డివాల్ట్ ‘పవర్ డిటెక్ట్’ అనే వరుసను లోస్ కోసం, దాదాపు అదే స్థాయిలోని ‘ఫ్లెక్స్‌వోల్ట్ అడ్వాంటేజ్’ వరుసను ప్రధానంగా హోమ్ డిపో కోసం తెచ్చింది. మొదటి దానిలో డ్రిల్ నంబరు 998, రెండో దానిలో 999. రెండూ శ్రేణి పైమెట్టు మీదివే. ప్రత్యేకించినది కాబట్టి నాసిరకమన్న సూత్రం ఇక్కడే తప్పిపోతుంది. అలా ప్రత్యేకించడంలో దుకాణానికి వేరే లాభం ఉంది: నంబరు వేరైతే, పక్క దుకాణం ధరతో పోల్చి తగ్గించమని మీరు అడగలేరు.

దుకాణాల సొంత పేర్ల గురించి, వాటిలోనే దొరికే పేర్ల గురించి మీరు అడగలేదు గాని, మీ తరువాతి కొనుగోళ్లలో అవి ఎదురవుతాయి. హోమ్ డిపోలో దొరికే ర్యోబి పనిముట్లను, రిడ్జిడ్ కార్డ్‌లెస్ పనిముట్లను తయారుచేసేది హాంకాంగ్ కేంద్రంగా ఉన్న టీటీఐ. మిల్వాకీ కూడా 2005 నుంచి దానిదే. తయారీదారు ఒకరే అయినంత మాత్రాన ర్యోబి మిల్వాకీ అయిపోదు; ఎవరి ధరకు తగ్గట్టు వారి వస్తువు తయారవుతుంది. కానీ ఏడాదికి పదిసార్లు డ్రిల్ పట్టే గృహస్థుకు ర్యోబి చాలు. రిడ్జిడ్‌ను కొన్న 90 రోజుల లోపల నమోదు చేసుకుంటే బ్యాటరీలతో సహా జీవితకాల సర్వీసు ఒప్పందం లభిస్తుంది. నమోదు మాత్రం మరచిపోకండి. కరెంటు లేని చేతి పనిముట్లలో, అంటే పానాలు, సాకెట్లు, స్క్రూడ్రైవర్ల వంటి వాటిలో, హోమ్ డిపో హస్కీకి, లోస్ కోబాల్ట్‌కు జీవితకాల హామీ ఉంది. పానా విరిగితే పట్టుకెళ్లి కొత్తది తెచ్చుకోవచ్చు. ఇలాంటివి సప్లై హౌస్‌లో వెతకడం వృథా శ్రమ.

అసలు మోసపోయే ప్రమాదం ఉన్న చోటు వేరే ఉంది. ఆన్‌లైన్ అంగళ్లలో, పెద్ద వెబ్‌సైట్ పేరు చూసి నమ్మి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అమ్మకందారు పేరు చూడకుండా కొన్న బ్యాటరీలు నకిలీవి అయ్యే అవకాశం ఎక్కువ. వాటి మీద పసుపు నలుపు రంగులు, లోగో, అంకెలు అన్నీ అచ్చుగుద్దినట్లే ఉంటాయి, లోపలి సెల్‌లు మాత్రం ఏవో. అవి వేడెక్కితే జరిగే నష్టం ఇంటికి కూడా తగులుతుంది. అధీకృత విక్రేత దగ్గర కొనని వస్తువుకు వారంటీ ఇవ్వబోమని చెప్పే కంపెనీలూ ఉన్నాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పనిముట్లు కొన్నవారు ‘ఒరిజినలా, డూప్లికేటా’ అని అడగడం అలవాటు చేసుకున్నవారే కదా. అమెరికాలో ఆ ప్రశ్న దుకాణంలో అడగనక్కర్లేదు గాని, తెర మీద కొనేటప్పుడు తప్పక అడగాలి.

అలాగని సప్లై హౌస్‌ను నేను తక్కువ చేయడం లేదు. కౌంటరు వెనుక నిలబడిన మనిషికి సరుకు గురించి తెలిసి ఉండటం, నడవాలో దొరకని పెద్ద మోడళ్లు తెప్పించిపెట్టడం, కొన్నిచోట్ల మరమ్మతు కూడా చేయించిపెట్టడం అక్కడి లాభాలు. రోజూ ఎనిమిది గంటలు పనిముట్టుతో బతికేవారికి ఆ సేవ విలువ తెలుసు. మీకు అంత అవసరం లేదు.

ఇక మీ డ్రిల్‌ను వాపసు ఇవ్వాలా? డాలస్ ప్రాంతపు ఇళ్ల గోడలు లోపలివైపు డ్రైవాల్ పలకలు, వాటి వెనుక సాధారణంగా 16 అంగుళాలకొకటిగా నిలిపిన చెక్క స్టడ్‌లు. ఒక్కో స్టడ్ మందం అంగుళంన్నర. టీవీ బ్రాకెట్టుకు, మందిరానికి మరలు ఎక్కవలసింది ఆ చెక్కలోకే. ముందు సన్నని బిట్టుతో రంధ్రం వేసుకుని బిగిస్తే 300 వాట్స్ డ్రిల్‌కు అది పెద్ద పని కాదు. డబ్బు మిగిలితే దాన్ని గోడ వెనుక స్టడ్ ఎక్కడుందో చూపే మంచి స్టడ్ ఫైండర్ మీద, నాణ్యమైన బిట్టుల మీద పెట్టండి. మొద్దుబారిన బిట్టుతో ఎంత ఖరీదైన డ్రిల్ అయినా చెక్కను కాలుస్తుందే గాని తొలచదు. వెనుక పెరట్లో చెక్క డెక్కు వేయించకుండా మీరే వేసుకోవాలనో, వందల కొద్దీ పొడవాటి మరలు దించాలనో ఆలోచన ఉంటే మాత్రం ఇది వాపసు ఇచ్చి బ్రష్‌లెస్ రకం, వీలైతే ఇంపాక్ట్ డ్రైవర్‌తో (పొడవాటి మరలను కుదుపులతో దించే పనిముట్టుతో) కలిపి ఉన్న సెట్టు తీసుకోండి. బిల్లు తేదీ నుంచి 90 రోజుల వరకు అందుకు వీలుంది. గ్యారేజీలో కాంక్రీటు నేలకు ఒక్కసారి రంధ్రాలు వేయవలసి వస్తే దానికోసం యంత్రం కొనవద్దు. హోమ్ డిపోలోనే పనిముట్లు అద్దెకిచ్చే విభాగం ఉంటుంది.

మీ మామగారికి ఇది తీసుకెళ్లవద్దు. తెనాలి ఇంటి గోడలు ఇటుకవి, స్లాబు కాంక్రీటుది. మీ 771లో సుత్తిలా కొడుతూ తిరిగే హామర్ అమరిక లేదు, కాబట్టి అక్కడి గోడ మీద అది గీతలు పెట్టడం తప్ప చేయగలిగింది తక్కువ. దానితో వచ్చే చార్జరు 120 వోల్టులది; మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. ఇక్కడి బిల్లుతో అక్కడి సర్వీస్ సెంటరులో వారంటీ నడుస్తుందని కూడా ఆశ పెట్టుకోకండి. ఆ డబ్బుతో విజయవాడలోనో గుంటూరులోనో కంపెనీ అధీకృత డీలరు దగ్గర తీగతో నడిచే 13 మిల్లీమీటర్ల ఇంపాక్ట్ డ్రిల్ (సుత్తిలా కొడుతూ తిరిగే రకం) కొని, బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు రెండూ రాయించుకుని ఆయనకు ఇవ్వండి.